డిసెంబరులో మద్రాసు: కడుపుతో ఉన్న కూతురి దగ్గరికి ఆరు రోజులు

అమ్మాయికి ఏడో నెల. అల్లుడిది చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అమ్మానాన్నలు విజయవాడలోనో తెనాలిలోనో ఉంటారు. ఏటా డిసెంబరులో ఇలాంటి పెద్దవాళ్ళు ఎంతోమంది మద్రాసు రైలెక్కుతుంటారు. క్రైస్తవ కుటుంబాలకు ఈ ప్రయాణంలో ఇంకో ఆశ కూడా ఉంటుంది: బిడ్డను చూసినట్టూ ఉంటుంది, తోమా కొండ (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కినట్టూ ఉంటుంది. రెండూ కుదురుతాయి, కానీ వరుస మారకూడదు. బిడ్డ ముందు, కొండ తర్వాత.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఏడో అధ్యాయంలో, దేవుడు తమను తీతు రాకవలన ఆదరించాడని అంటాడు. తీతు తెచ్చిన వార్త సంగతి ఆ తర్వాతి వచనంలో గానీ రాదు. ముందు చెప్పింది మనిషి రావడం గురించే. కాబట్టి అలసి సొలసి, నడుము పట్టుకుని గుమ్మంలో దిగితే ఆదరించాల్సినవాళ్ళకే సేవ చేయాల్సి వస్తుంది. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ ఇబ్బంది రాకుండా చూడ్డానికే.

బయల్దేరే ముందు

రైలు రిజర్వేషను 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, పాత నూట ఇరవై రోజుల లెక్క ఇప్పుడు లేదు. డిసెంబరు రెండో వారానికి వెళ్ళాలంటే అక్టోబరు రెండో వారంలో, ఉదయం ఎనిమిది గంటలకే కూర్చోవాలి. రానూ పోనూ టికెట్లు ఆ వారంలోనే తీసుకోవాలి. ఇరవయ్యో తేదీ దాటితే పండగ రద్దీ, తిరుగు టికెట్టు దొరకదు. వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

డిసెంబరుకి ఇంకో చిక్కు వాన. మద్రాసుకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే ఈ రైలు దారి రెండు కొసలూ ఒకే తుపాను చేతిలో పడ్డాయి. రైల్వేవాళ్ళే రైలు రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్టు డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ఇక వెళ్ళొద్దనుకుంటే మాత్రం, మీ స్టేషను నుంచి రైలు కదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్ (డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగే అర్జీ) వేయాలి. కదిలాక వేస్తే పూర్తి డబ్బు రాదు.

సామానులో ముందు చూడాల్సింది తీపి. సున్నుండలు కట్టేముందు అమ్మాయికి ఫోన్ చేసి షుగరు పరీక్ష అయిందా అని అడగండి. గర్భిణులకు ఆ పరీక్ష సాధారణంగా ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది వారాల మధ్య చేస్తారు. ఎక్కువ వచ్చి ఉంటే డబ్బా నిండా సున్నుండలు తీసుకెళ్ళి ఎదురుగా పెట్టడం ప్రేమ కాదు, పరీక్ష. అప్పుడు కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన పల్లీలు పట్టుకెళ్ళొచ్చు. పచ్చడి సీసాని మెడ దాకా నింపకూడదు. రైలు కుదుపుకి నూనె మూతలోంచి కారుతుంది. ముప్పావు వంతు నింపి, మూత కింద పాలిథీన్ కాగితం పరిచి బిగించి, సీసాని నిలువుగా స్టీలు క్యారియర్‌లో పెట్టాలి. బీపీ, షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే ఉంచుకోవాలి, ఆరు రోజుల మాత్రలతో పాటు ఇంకో మూడు రోజులవి కలిపి.

సంఘ కాపరి దగ్గర ఒక పరిచయ లేఖ రాయించుకోండి. ఎందుకో ఆదివారం దగ్గర చెబుతాను.

మొదటి రోజు, గురువారం: పినాకిని

రాత్రి రైళ్ళు సుఖమని చాలామంది అంటారు. కూతురి ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం పగటి రైలే మేలు. రాత్రి రైలు తెల్లవారుజామున దించితే, అమెరికా వాళ్ళతో మాట్లాడి రెండింటికి పడుకున్న అల్లుడు నాలుగింటికి లేచి స్టేషనుకి రావాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్ విజయవాడలో ఉదయం ఆరు ప్రాంతంలో బయల్దేరి, మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో సెంట్రల్ చేరుస్తుంది. పులిహోరకి పావుకిలో బియ్యం వండితే ఇద్దరికి సరిపోతుంది. పెరుగన్నం కలిపేటప్పుడు పెరుగు తగ్గించి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేస్తే పన్నెండింటికి కూడా పులవదు.

ఈ దారి తెలుగు క్రైస్తవుల చరిత్ర మీదుగానే పోతుంది. చీరాల దాటాక, ఒంగోలుకి ముందు గుండ్లకమ్మ వంతెన వస్తుంది. ఈ నది ఒడ్డునే, ఎగువన వెల్లంపల్లి దగ్గర, 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు రెండేళ్ళూ ఘోరమైన కరువు. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ళ ముక్కని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి మట్టిపని ఇచ్చాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకుండా, కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కాలవే మద్రాసు దాటి ఇంకా దక్షిణానికి పోతుంది. ఓఎంఆర్ అపార్ట్‌మెంట్ల వెనక నల్లగా, వాసనతో కనిపించేది అదే. అమ్మాయి వాళ్ళ బాల్కనీలోంచి ముక్కు మూసుకుని చూసేటప్పుడు ఈ సంగతి గుర్తొస్తే ఆ కాలవ మీద కాస్త గౌరవం కలుగుతుంది.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఎక్కి ప్రార్థన చేసిన చోటు. నెల్లూరు స్టేషను వచ్చినప్పుడు ఇంకో బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే పేరు తలుచుకోవాలి. 1836లో విశాఖపట్నం చేరి, మద్రాసులో కొన్నాళ్ళుండి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆయన మద్రాసు నుంచి వచ్చిన దారినే మనం ఎదురు వెళ్తున్నాం.

సెంట్రల్లో దిగాక ఓఎంఆర్ పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. స్టేషను బయటే కారు ఎక్కితే ఊరంతా దాటాలి. మెట్రో స్టేషను పక్కనే, భూమి లోపల. లిఫ్టులున్నాయి. విమానాశ్రయం వైపు వెళ్ళే నీలం లైను ఎక్కి గిండీలో దిగి, అక్కణ్ణించి కారు తీసుకుంటే సగం ట్రాఫిక్ తప్పుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది: సెంట్రల్లోనే ఆకుపచ్చ లైను కూడా ఆగుతుంది. అది కోయంబేడు మీదుగా చుట్టు తిరుగుతుంది. పొరపాటున ఎక్కినా కంగారు పడక్కర్లేదు. రెండు లైన్లూ ఆలందూరులో కలుస్తాయి, అక్కడ దిగితే చాలు.

అల్లుడుగారు సెలవు పెట్టి స్టేషనుకి వస్తానంటే వద్దనకండి. పౌలు రోమాకి వస్తున్నాడని విని అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురొచ్చారు. అరవై కిలోమీటర్ల పైచిలుకు, అంటే మద్రాసు నుంచి గుమ్మిడిపూండి దాటినంత దూరం. వాళ్ళను చూసి పౌలు ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. ఓడ బద్దలైనప్పుడు తోటివాళ్ళందరికీ ధైర్యం చెప్పినవాడికి కూడా ఆ ఎదురుకోలు అవసరమైంది.

రెండో రోజు, శుక్రవారం: ఇల్లు కదలకుండా

ఈ రోజు ఎక్కడికీ వెళ్ళకూడదు. నాన్నగారు బీచి అంటారు, అమ్మ టీ నగర్ అంటుంది. రెండిటికీ రేపనే చెప్పాలి.

ఇంట్లో చేయాల్సింది ఎక్కువేం లేదు. అమ్మాయి పరీక్షల ఫైలు ఒకసారి చూసి, రక్తం ఎంత ఉందో, ఐరన్ మాత్రలు వేసుకుంటోందో లేదో కనుక్కోవాలి. ఐరన్ మాత్ర కాఫీతోనూ టీతోనూ వేసుకుంటే ఒంటికి పట్టదు. చాలామంది పిల్లలకి ఇది తెలియక ఉదయం కాఫీతో మింగేస్తుంటారు. వంటింట్లో అమ్మాయి సర్దుకున్న డబ్బాలు మార్చకపోవడం అన్నిటికన్నా పెద్ద సాయం.

కుటుంబ ప్రార్థన దగ్గరే ఎక్కువ తేడాలొస్తాయి. ఊళ్ళో ఎనిమిదింటికి గంటసేపు జరిగే ప్రార్థనని ఇక్కడికి తెస్తే కుదరదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి దాకా అల్లుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు మాటల్లో ఉంటాడు. పక్క గదిలో డోలక్ మొదలైతే మొహమాటంతో నవ్వుతాడు గానీ, ఇబ్బంది పడతాడు. ఉదయం ఏడున్నరకి, టిఫినుకి ముందు, పదిహేను నిమిషాలు పెట్టుకుంటే అందరూ ఉంటారు: ఒక కీర్తన, ఒక వాక్యభాగం, ఇద్దరి ప్రార్థన. ఇద్దరంటే ఇద్దరే. ఒకరోజు అమ్మ, అమ్మాయి చేస్తే మరునాడు నాన్న, అల్లుడు. అల్లుడు బయటికి ప్రార్థన చేసే అలవాటు లేనివాడైతే వాక్యం చదవమనండి, అడిగినందుకే సంతోషిస్తాడు.

ఏ భాగం చదవాలన్న ప్రశ్నకి ఈ ఇంట్లో జవాబు సిద్ధంగానే ఉంది: లూకా మొదటి అధ్యాయం, 39 నుంచి 56 వరకు. మరియ కొండసీమకు త్వరగా వెళ్ళింది, ఎలీసబెతు అప్పటికి ఆరో నెల గర్భిణి. వందనం చెవిన పడగానే కడుపులో శిశువు గంతులు వేసింది. ఆ వచనం చదివేటప్పుడు అమ్మాయి చెయ్యి పొట్ట మీదికి పోతుంది, దాని మీద ప్రసంగం అక్కర్లేదు. మరియ అక్కడ ఇంచుమించు మూడు నెలలు ఉంది. అన్నాళ్ళూ ఏం చేసిందో లూకా చెప్పలేదు. నీళ్ళు తోడి ఉంటుంది, పిండి విసిరి ఉంటుంది. వయసు మీద పడ్డాక గర్భవతి అయిన చుట్టం ఇంట్లో ఇంకేం పని ఉంటుంది?

మూడో రోజు, శనివారం: శాంథోమ్

పొద్దున్నే ఏడింటికల్లా బయల్దేరితే ఎండకీ జనానికీ ముందు తిరిగి రావచ్చు. పెరుంగుడి, తరమణి వైపు ఇల్లుంటే బీచి లైను లోకల్ రైలు తిరుమయిలై దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణించి ఆటో. కానీ ఈ లైను స్టేషన్లన్నీ ఎత్తు మీద ఉంటాయి, లిఫ్టులని నమ్ముకోవడానికి లేదు. అమ్మాయి కూడా వస్తానంటే కారే. మెట్రో రెండో దశ పనుల వల్ల మైలాపూరు చుట్టూ దారులు మళ్ళిస్తున్నారు కాబట్టి, దూరం చూసి వేసుకున్న లెక్కకి ఇంకో ఇరవై నిమిషాలు కలుపుకోవాలి.

అపొస్తలుడైన తోమా క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగి, 72లో మద్రాసు దగ్గర హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. ఆయన సమాధి మీద 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు గుడి కట్టారు, అదే శాంథోమ్. ఇప్పుడు కనిపించే తెల్లటి గోతిక్ కట్టడం బ్రిటిషు కాలంలో, 1890లలో లేచింది. 1956లో దీనికి బసిలికా హోదా (పోపు ఇచ్చే ప్రత్యేక గౌరవం) వచ్చింది. 1986 ఫిబ్రవరిలో రెండో జాన్ పాల్ పోపు ఇక్కడికి వచ్చారు. సమాధి గది భూమి లోపల ఉంటుంది, మెట్లు దిగి వెళ్ళాలి. చల్లగా, చిన్నగా ఉంటుంది. అక్కడ మాట్లాడకూడదు.

తోమా ఎముకలు ఎక్కువభాగం ఇక్కడ లేవు. పూర్వమే ఇప్పటి టర్కీలో ఉన్న ఎదెస్సాకి తరలిపోయాయనీ, అక్కణ్ణించి కియోసు ద్వీపం మీదుగా 1258లో ఇటలీలోని ఒర్తోనాకి చేరాయనీ చెబుతారు. ప్రొటెస్టంటు పెద్దలు కొందరు సమాధి గదిలోకి దిగడానికి సందేహిస్తారు. ఎవరికీ మొక్కక్కర్లేదు, బెంచీ మీద కూర్చుని యోహాను 20వ అధ్యాయం చదువుకుంటే చాలు. అందులో తోమా మొదటి ఆదివారం ఇంట్లో మిగతావాళ్ళతో లేడు, అందుకే వారం రోజులు సందేహంలో ఉన్నాడు. రెండో ఆదివారం అందరితో ఉన్నాడు.

సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ గుడి 1680 నాటిది, చూడాలని చాలామందికి ఉంటుంది. కోటలో ప్రభుత్వ సచివాలయం ఉంది కాబట్టి తనిఖీలుంటాయి, గుర్తింపు కార్డు కావాలి, నడక ఎక్కువ. గర్భిణితో ఉన్నప్పుడు వదిలేయడమే నయం.

నాలుగో రోజు, ఆదివారం

మద్రాసులో తెలుగు ఆరాధనలు కొత్తవేం కాదు. తెలుగులోకి బైబిలు తర్జుమా చేసిన తొలి మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలో ఈ ఊళ్ళోనే పనిచేశాడు, అది అచ్చు కాలేదంతే. నేడు బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), పెంతెకొస్తు తెలుగు సంఘాలు నగరంలో చాలా పేటల్లో ఉన్నాయి. సమయం మాత్రం శుక్రవారమే ఫోన్ చేసి కనుక్కోవాలి. చాలాచోట్ల ఒకే భవనంలో తమిళ, ఇంగ్లీషు ఆరాధనల మధ్య తెలుగువాళ్ళకి గంటన్నర వస్తుంది. అందుకే మన ఊరిలా పది గంటలంటే పదిన్నరకి మొదలవదు. డిసెంబరులో క్యారల్స్ ఆరాధన వల్ల వేళలు మారతాయి కూడా.

కాపరి రాసిచ్చిన లేఖ ఇప్పుడు పనికొస్తుంది. పౌలు ఫీబేని రోమా సంఘానికి అప్పగించినట్టు, ఫలానా ఇంటివారు మా సంఘ సభ్యులు, వాళ్ళ కూతురు మీ పరిసరాల్లో ఉంది, కనిపెట్టి ఉండండి అని నాలుగు వాక్యాలు చాలు. కింద అమ్మాయి చిరునామా, ఫోను నంబరు రాయాలి. ఆరాధన అయ్యాక కాపరి చేతికిచ్చి అమ్మాయిని, అల్లుణ్ణి పరిచయం చేయాలి. మీరు వెళ్ళిపోయాక రాత్రి రెండింటికి నొప్పులొస్తే ముందుగా గుమ్మం ఎక్కేది ఈ సంఘం వాళ్ళే. ఈ ప్రయాణంలో ఒక్క పనే చేయడానికి తీరికుంటే ఇదే చేయాలి.

దగ్గర్లో తెలుగు ఆరాధన లేకపోతే సీఎస్ఐ వాళ్ళకి ఇబ్బంది లేదు. ఆరాధన క్రమం తెలుగులోనూ తమిళంలోనూ ఒకే వరుసలో నడుస్తుంది, తెలుగు పుస్తకం చేతిలో ఉంటే ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది. కథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లోనే 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళే సంగతి ముందే కాపరిని అడగాలి. కతోలిక పూజలో దివ్యసత్ప్రసాదం కతోలికులకే, లోపల కూర్చుని ప్రార్థించుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు.

సాయంత్రం సంఘంవాళ్ళు క్యారల్స్‌కి వస్తామంటే సంతోషంగా పిలవండి, కానీ రాత్రి తొమ్మిదిలోపు రమ్మనండి. వాచ్‌మన్‌కి, పక్క వాటాలవాళ్ళకి మధ్యాహ్నమే చెప్పాలి. ఇరవై మందికి టీ అంటే లీటరున్నర పాలు, లీటరు నీళ్ళు. కాగితం కప్పులు నలభై కొనండి, వేడికి రెండేసి తీసుకుంటారు.

ఐదో రోజు, సోమవారం: పరంగిమలై

సెయింట్ థామస్ మౌంట్‌ని తమిళులు పరంగిమలై అంటారు. సుమారు మూడు వందల అడుగుల ఎత్తు. మెట్లదారి ఆర్మేనియా వర్తకుడు ఖోజా పెట్రుస్ ఉస్కాన్ 18వ శతాబ్దంలో కట్టించినది. వెనకవైపు కార్లు పైదాకా వెళ్ళే రోడ్డుంది, అమ్మాయికీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ అదే దారి. మెట్లు ఎక్కేవాళ్ళు ఉదయం ఎనిమిదిలోపే ఎక్కాలి, తర్వాత రాయి వేడెక్కుతుంది.

పైన గుడిలో బలిపీఠం వెనక గోడలో పాత రాతి సిలువ ఉంది. దాని చుట్టూ పహ్లవీ (పాత పారశీక) లిపిలో అక్షరాలు. 1547లో పోర్చుగీసువాళ్ళు పునాది తవ్వుతుంటే దొరికింది. 1558 డిసెంబరు 18న పూజవేళ ఆ రాయి చెమర్చిందని చెబుతారు. ఈ గుడి మరియమ్మ ప్రసవం కోసం ఎదురుచూసిన దినాల జ్ఞాపకంగా వెలిసింది, పండగ కూడా డిసెంబరు 18నే. ఏడో నెల అమ్మాయిని తీసుకురావడానికి ఇంతకన్నా తగిన గుడి మద్రాసులో లేదు. పండగనాడు మాత్రం వద్దు, నిలబడ్డానికి చోటుండదు.

ఇక్కడ చదవాల్సింది యోహాను 11. లాజరు చనిపోయాడు, బేతనియకు వెళ్దామని యేసు అన్నాడు. అక్కడ రాళ్ళు రువ్వుతారని శిష్యులకి భయం. ఆయనతో కూడ చనిపోవడానికి మనమూ వెళ్దామన్నది తోమాయే. సందేహించినవాడన్న పేరు మిగిలిపోయింది గానీ, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళాలనగానే ముందు లేచినవాడు ఆయనే. గుడి ముందు వరండాలోంచి విమానాశ్రయం రన్‌వే కనిపిస్తుంది. నాన్నగారిని అక్కణ్ణించి కదిలించడం కష్టం.

చిన్నమలై (లిటిల్ మౌంట్) తిరుగుదారిలోనే, దాని పేరుతోనే మెట్రో స్టేషనుంది. తోమా దాక్కున్నాడని చెప్పే గుహ అక్కడుంది. ద్వారం బాగా కిందికి ఉంటుంది, ఒంగి దూరాలి. అమ్మాయి బయటే కూర్చోవాలి.

ఆరో రోజు, మంగళవారం

తిరుగు పినాకిని మధ్యాహ్నం రెండు దాటాక సెంట్రల్లో బయల్దేరుతుంది. ఓఎంఆర్ నుంచి పదకొండింటికే కదలాలి. వాన పడుతుంటే పదింటికి. కారు బుక్ చేశాక ప్రార్థన మొదలుపెట్టొద్దు. డ్రైవరు కింద హారన్ కొడుతుంటే ఆమెన్ కూడా సరిగ్గా రాదు. తొమ్మిదింటికే 121వ కీర్తన చదివి, చిన్న ప్రార్థన చేసి, తర్వాత అన్నం తిని, ఆపైన కారు పిలవాలి.

పురిటికి తీసుకెళ్ళే తేదీ ఈ ఉదయమే తేల్చుకోవాలి. డాక్టరు ఏ వారం దాకా ప్రయాణం చేయొచ్చంటారో కాగితం మీద రాయించుకుని, ఆ తేదీకి వారం ముందు టికెట్టు చూడాలి. అమ్మాయికి కూర్చునే సీటయితే ఏసీ చైర్ కారులో నడవా పక్కది, గంటకోసారి లేచి నడవడానికి. పడుకునే బెర్తు కావాలంటే రాత్రి రైలు, కింది బెర్తు. గర్భిణులకు కింది బెర్తు కోటా ఉంది, రిజర్వేషను కౌంటరుకి డాక్టరు కాగితం పట్టుకెళ్ళి అడగాలి. అరవై రోజుల లెక్క ప్రకారం ఆ రిజర్వేషను అప్పటికే తెరిచి ఉండొచ్చు. సంక్రాంతికి అటూ ఇటూ తేదీ పడితే విజయవాడ చేరేదాకా ఆగొద్దు, కోటా అక్కర్లేని టికెట్టయితే పినాకినిలో కూర్చుని గూడూరు లోపే ఫోన్లో చేసేయండి.